ఆటగాళ్ళు వెళ్ళిపోయిన జట్టు నిలుస్తుందా?

ఉన్నత పాఠశాలలో ఆటల జట్టును తయారుచేసే ఉపాధ్యాయులకు ఏటేటా ఎదురయ్యే చిక్కు ఒకటి ఉన్నది. మూడు నాలుగేళ్ళు శ్రమపడి కబడ్డీ జట్టును తీర్చిదిద్దుతారు. అది పదునెక్కే వేళకు అందులోని మేటి పిల్లలు పదవ తరగతి పరీక్ష వ్రాసి వెళ్ళిపోతారు. వచ్చే సంవత్సరం పోటీలలో ఈ జట్టు నిలుస్తుందా అని అడిగితే ఒక ఉపాధ్యాయుడు “వాడు పోయాడు, ఇక జట్టెక్కడిది?” అంటాడు. పక్కనున్న మరొకరు “ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు” అంటారు. రెండు మాటలూ అనుభవం మీద చెప్పినవే. వీటిలో ఏది ఎప్పుడు నిజమవుతుందో లెక్క వేసి చెప్పడం సాధ్యమేనా?

ఈ ప్రశ్నను పరీక్షించి చూడడానికి అమెరికా దేశపు కాలేజి ఫుట్‌బాల్ చక్కని ప్రయోగశాల వంటిది. అక్కడ పై అంతస్తులో ఆడే విశ్వవిద్యాలయ జట్లే నూట ముప్పైకి పైగా ఉన్నాయి. ప్రతి ఆట వివరాలూ లెక్క కట్టి భద్రపరుస్తారు. విద్యార్థులు కాబట్టి ఎంతటి ఆటగాడైనా నాలుగైదేళ్ళలో జట్టును విడిచిపోక తప్పదు.

ఆ ఫుట్‌బాల్ మనం కాలితో తన్ని ఆడే బంతాట కాదని ముందుగా గుర్తుంచుకోవాలి. బంతి రెండు కొనలా సూదిగా ఉంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చు, ముందుకు విసరవచ్చు. నూరు గజాల మైదానంలో ఒక్కొక్క పక్షాన 11 మంది నిలుస్తారు. దాడికి ఒక పదకొండుగురు, అడ్డుకోవడానికి వేరే పదకొండుగురు ఉంటారు. దాడి చేసేవారు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి, లేకుంటే బంతి ఎదుటివారి పరమవుతుంది. ఈ దాడిని నడిపేవాణ్ణి క్వార్టర్‌బాక్ అంటారు. దాదాపు ప్రతి ప్రయత్నంలోను బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. దానిని ఎవరికి అందించాలో, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవలసినవాడు అతడే.

2023లో ఈ ఆట విషయమై ఆ దేశంలో పెద్ద వివాదం చెలరేగింది. ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు ఆ సంవత్సరం ఆడిన 13 ఆటలూ గెలిచింది. కాని నవంబరు 18న దాని క్వార్టర్‌బాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరిగింది. తరువాతి రెండు ఆటలను జట్టు అతడు లేకుండానే గెలిచింది. అయినా డిసెంబరు 3న 13 మంది సభ్యుల ఎంపిక సంఘం జాతీయ విజేతను తేల్చే నాలుగు జట్లలో దానికి చోటివ్వలేదు. ఒక్కొక్క ఆట ఓడిన టెక్సస్, అలబామా జట్లకు చోటు దొరికింది. ముఖ్యమైన ఆటగాణ్ణి కోల్పోయిన జట్టు మునుపటి జట్టు కాదన్నది సంఘం వాదన. ఓడని జట్టును ఓడినట్లు లెక్కించడం ఏమి న్యాయమన్నది ఎదుటి వాదన. డిసెంబరు 30న జార్జియా జట్టు ఫ్లారిడా స్టేట్‌ను 63–3 తేడాతో చిత్తు చేసింది. కాని ఆనాటికి ఓడిన జట్టులో మరి పలువురు ముఖ్యులు ఆడటం మానుకున్నారు కనుక, ఆ ఫలితం వల్ల వివాదం తెగలేదు. ఒక్క ఆటను పట్టుకుని ఇటువంటి ప్రశ్న తేల్చలేము. ముందుగా లెక్క ఎట్లా వేయాలో చూద్దాం.

పోయినవాడు, వచ్చినవాడు

జట్టుకు కలిగే నష్టం పోయినవాడి విలువకు సమానం కాదు. పోయినవానికీ, అతని స్థానంలో నిలిచేవానికీ మధ్య ఉండే తేడాకే అది సమానం. ఇది వింటే అందరికీ తెలిసిన మాటే అనిపిస్తుంది. కాని జట్ల భవిష్యత్తును గురించి వాదించేవారిలో చాలామంది దీనిని మరచిపోతారు. ఒక జట్టులో ఒక స్థానానికి 95 మార్కుల ఆటగాడు ఉన్నాడనుకుందాం, అతని వెనుకనున్నవాడికి 70 మార్కులు. మరొక జట్టులో మొదటివాడికి 90, రెండవవాడికి 86. ఇద్దరు మొదటివాళ్ళూ ఒకే సంవత్సరం వెళ్ళిపోతే మొదటి జట్టుకు 25 మార్కుల నష్టం, రెండవదానికి నాలుగే. వార్తాపత్రికలు మాత్రం 95 మార్కులవాడు పోయాడని వ్రాస్తాయి.

ఈ తేడా ఎందుపై ఆధారపడుతుంది? ఎంతమందిలో నుంచి ఎంచుకుంటున్నామన్న దానిపై చాలావరకు ఆధారపడుతుంది. ఒక స్థానానికి పోటీపడేవారి సామర్థ్యం 0 నుంచి 100 వరకు ఎక్కడైనా సమానంగా పడవచ్చుననుకుంటే, నలుగురే ఉన్నప్పుడు మొదటివాడికీ రెండవవాడికీ మధ్య సగటున 20 మార్కుల ఎడం ఉంటుంది. పందొమ్మిది మంది ఉంటే ఆ ఎడం 5 మార్కులకు దిగుతుంది. ఎడం విలువ 100ను అభ్యర్థుల సంఖ్యకు ఒకటి కలిపి భాగిస్తే వస్తుంది. సంభావ్యత చదువుకున్న విద్యార్థులు దీనిని తామే రాబట్టవచ్చును. నిజమైన సామర్థ్యాలు ఇంత సమానంగా పరచుకుని ఉండవు గాని, అభ్యర్థులు పెరిగినకొద్దీ ఎడం తగ్గే తీరు మాత్రం ఇదే. చిన్న పాఠశాలలో ఒక్క పిల్లవాడు వెళ్ళిపోతే జట్టు కూలిపోవడానికీ, పెద్ద పాఠశాలలో అంతగా తెలియకపోవడానికీ కారణం ఇక్కడ ఉన్నది.

ఒహాయో స్టేట్ జట్టు 2014లో దీనికి మంచి ఉదాహరణ చూపించింది. ఆ జట్టు క్వార్టర్‌బాక్ బ్రాక్స్‌టన్ మిల్లర్ ఆటలు మొదలుకాక మునుపే ఆగస్టులో భుజం దెబ్బతిని ఆ సంవత్సరానికి తప్పుకున్నాడు. రెండవవాడైన జె. టి. బారెట్ జట్టును నవంబరు చివరిదాకా నడిపి, మిచిగన్‌తో ఆటలో చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఇక మిగిలినవాడు మూడవవాడు, కార్డేల్ జోన్స్. అంతవరకు ఒక్క ఆట కూడా మొదటినుంచి ఆడి ఎరుగడు. అతడు వచ్చి విస్కాన్సిన్‌పై 59–0, అలబామాపై 42–35, చివరకు 2015 జనవరి 12న ఆరెగాన్‌పై 42–20 గెలిపించి జాతీయ విజేతను చేశాడు. ముగ్గురు క్వార్టర్‌బాక్‌ల మధ్య ఎడం అంత స్వల్పమని ఆగస్టు నెలలో ఎవరూ ఊహించి ఉండరు. ఈ సంగతి ఫ్లారిడా స్టేట్ పక్షాన వాదించినవారికి బాగా పనికివచ్చింది.

అయితే అన్ని స్థానాలూ ఒకటి కావు. అడ్డుకునే పక్షంలో ముందు వరుసలో నిలిచేవారు బరువైన మనుషులు, త్వరగా అలసిపోతారు. అందుచేత వారిని ఒకే ఆటలో మార్చి మార్చి ఆడిస్తారు. రెండవవాడు కూడా సంవత్సరం పొడుగునా ఆట రుచి చూస్తాడు. క్వార్టర్‌బాక్ విషయం అట్లా కాదు. మొదటివాడు బాగున్నంత కాలం రెండవవాడు గట్టున నిలబడి చూడవలసిందే. కనుక ఆ స్థానంలో ఖాళీ ఏర్పడితే వచ్చేవాడు ఎటువంటివాడో శిక్షకునికి కూడా సరిగా తెలియదు.

ఇప్పుడు రెండు గొప్ప జట్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. లూయిసియానా స్టేట్ జట్టు 2019లో ఆడిన 15 ఆటలూ గెలిచి జాతీయ విజేత అయినది. దాని క్వార్టర్‌బాక్ జో బరో ఆ ఒక్క సంవత్సరంలో 60 టచ్‌డౌన్లకు బంతి విసిరాడు. అప్పటికి అది రికార్డు. 2020 ఏప్రిల్‌లో వృత్తి జట్లు జరిపే వార్షిక ఎంపికలో ఆ జట్టునుంచి 14 మంది ఎన్నికయ్యారు, అందరిలోకి మొదట ఎన్నికైనవాడు బరోయే. తరువాతి సంవత్సరం జట్టు 10 ఆటలు ఆడి 5 గెలిచి 5 ఓడింది. ఆ మరుసటి ఏడు 13లో 6 మాత్రమే గెలిచింది.

జార్జియా జట్టు 2021లో 15 ఆటలలో 14 గెలిచి జాతీయ విజేత అయినది. 2022 ఏప్రిల్‌లో దాని నుంచి 15 మంది వృత్తి జట్లకు ఎన్నికయ్యారు. అడ్డుకునే పక్షంలోని ఐదుగురు మొదటి విడతలోనే పోయారు. నష్టం సంఖ్యలో లూయిసియానా కంటె ఒకటి ఎక్కువే. కాని 2022లో జార్జియా 15కు 15 ఆటలూ గెలిచి, చివరి ఆటలో టి.సి.యు. జట్టును 65–7తో ఓడించి మళ్ళీ విజేతగా నిలిచింది.

14 మంది పోతే ఒక జట్టు సగానికి పడిపోయింది, 15 మంది పోతే మరొకటి చెక్కుచెదరలేదు. కనుక పోయినవారిని తలలు లెక్కపెట్టి ప్రయోజనం లేదని తేలుతున్నది. జార్జియాలో పోయినవారు ఎక్కువగా మార్చి మార్చి ఆడించే స్థానాలవారు. వారి వెనుక 2021లోనే ఆట నేర్చినవారు సిద్ధంగా ఉన్నారు. వారిలో ఒకడైన జేలన్ కార్టర్ మరుసటి సంవత్సరం తానే మొదటి విడతలో ఎన్నికయ్యాడు. క్వార్టర్‌బాక్ స్టెట్సన్ బెన్నెట్ జట్టులోనే ఉన్నాడు, ప్రధాన శిక్షకుడు కర్బీ స్మార్ట్ కూడా ఉన్నాడు. లూయిసియానాలో క్వార్టర్‌బాక్ పోయాడు. దాడి పథకాలు రచించిన శిక్షకుడు వృత్తి జట్టుకు, అడ్డుకునే పక్షపు శిక్షకుడు మరొక విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. కోవిడ్ వ్యాధి ప్రబలిన ఆ ఏడు మేటి ఆటగాడు ఒకడు ఆడనని తప్పుకున్నాడు. పైగా 2020లో ఆడిన పది ఆటలూ సొంత కూటమిలోని గట్టి జట్లతోనే పడ్డాయి. ఇన్ని కారణాలు ఒకేసారి కలిసినప్పుడు ఏది ఎంత చేసిందో విడదీయడం కష్టం. శాస్త్ర ప్రయోగంలో ఒక్క అంశాన్నే మార్చి తక్కినవాటిని స్థిరంగా ఉంచుతాము గదా. ఆట మైదానంలో ఆ వీలు లేదు.

అదృష్టం పాలు ఎంత?

ఇంకొక అంశం ఉన్నది. దానిని ఆటల అభిమానులు ఒప్పుకోవడానికి ఇష్టపడరు. గొప్ప సంవత్సరం వెనుక నైపుణ్యంతోపాటు కొంత అదృష్టం కూడా ఉంటుంది. నైపుణ్యం కొంత నిలుస్తుంది గాని అదృష్టం మరుసటి సంవత్సరానికి నిలవదు.

తరగతిలో ఈ ప్రయోగం చేసి చూడవచ్చును. నలభైమంది విద్యార్థులకు రెండేసి నాణేలు ఇవ్వండి. రెండూ ఒకేసారి ఎగురవేసినప్పుడు రెండూ బొమ్మలు పడితే ఓటమి, మరేమి పడినా గెలుపు. అనగా ప్రతి ఆటలోను గెలిచే సంభావ్యత నాలుగింట మూడు వంతులు. ఒక్కొక్కరు పన్నెండు సార్లు ఎగురవేస్తే ఒక్కొక్క ‘సంవత్సరం’ పూర్తయినట్లు, అమెరికాలో కూడా మామూలు ఆటలు పన్నెండే. సగటు గెలుపులు 9 రావాలి. క్రమ విచలనం లెక్క కడితే 1.5 వస్తుంది. నలభైమందిలో సుమారు ఆరుగురికి 11 గాని 12 గాని గెలుపులు వస్తాయి. ఒకడికి పన్నెండుకు పన్నెండూ వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. ఇప్పుడు ఆ ఆరుగురినే పిలిచి మళ్ళీ పన్నెండుసార్లు వేయించండి. వారి సగటు తిరిగి 9 చుట్టుపక్కలకు వస్తుంది. వారు ఏ ఆటగాణ్ణీ కోల్పోలేదు. నాణేలు కూడా అవే. అయినా రెండు గెలుపులు తగ్గాయి! ఆ మధ్యలో ఒక నాణెం మార్చి ఉంటే, తరగతి అంతా ఆ నాణెమే కారణమని నమ్మేవారు.

ఈ సంగతిని మొదట పట్టుకున్నవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్. 1886లో ఆయన 205 దంపతుల ఎత్తులనూ వారి 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తులనూ పోల్చి చూశాడు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు మనిషికంటె పొడవే గాని తల్లిదండ్రులంత కారు. తల్లిదండ్రుల ఎత్తు సగటును మించినదానిలో సుమారు మూడింట రెండు వంతులే పిల్లలకు వచ్చినట్లు ఆయన కనుగొన్నాడు. సంఖ్యాశాస్త్రంలో దీనిని ప్రతిగమనం అంటారు. పొట్టివారి పిల్లల విషయంలో కూడా ఇదే జరిగి వారు సగటువైపు పెరుగుతారు. విజేత జట్టు మరుసటి ఏడు కొంత దిగడం, అట్టడుగు జట్టు కొంత లేవడం ఇటువంటివే.

అయితే ప్రతిదానినీ అదృష్టం మీదికి తోసివేయడం కూడా తప్పే. లూయిసియానా విషయమే చూడండి. ఆ జట్టు నిజమైన బలం పదింట తొమ్మిది ఆటలు గెలిచేటంత అనుకుందాం. అటువంటి జట్టు 10 ఆటలలో 5 లేక అంతకన్న తక్కువ గెలవడానికి సంభావ్యత వెయ్యికి రెండుకన్న తక్కువ. నాలుగింట మూడు గెలిచే జట్టు అనుకున్నా అది నూటికి ఎనిమిది లోపే. కనుక అక్కడ బలం నిజంగానే తగ్గిందని చెప్పడానికి ఆధారం ఉన్నది. దీనికి భిన్నంగా, ఒక ఆటగాడు పోయినందువల్ల ఒక జట్టు గెలుపు సంభావ్యత 0.75 నుంచి 0.65కు దిగిందనుకుందాం. అది చిన్న నష్టమేమీ కాదు. కాని పన్నెండు ఆటలలో సగటున తగ్గేది 1.2 గెలుపులే. అది ఒక క్రమ విచలనం కన్న తక్కువ. అటువంటి నష్టాన్ని ఒక్క సంవత్సరపు ఫలితాలలో గుర్తుపట్టలేము. అందుకే ఈ విషయాన్ని పరిశీలించేవారు ఒక్క జట్టును గాక జట్లన్నిటినీ చాలా సంవత్సరాలపాటు తీసుకుని, ముందటేడు సాధించిన గజాలలో, పట్టివేతలలో ఎంత భాగం తిరిగివచ్చే ఆటగాళ్ళదో లెక్కిస్తారు. ఆ భాగం ఎక్కువగా ఉన్న జట్లు సగటున మెరుగుపడతాయి, తక్కువైనవి సగటున దిగజారుతాయి. ‘సగటున’ అన్న మాటను ఇక్కడ మరువరాదు.

వరుస తెగితే

2024 వరకు పై అంతస్తు జట్లకు 85 మందికి మించి ఉపకార వేతనం ఇవ్వరాదన్న నియమం ఉండేది. నాలుగేళ్ళ చదువుకు లెక్క వేస్తే ఏటా ఇరవై ఒక్కమంది దాకా పోవడం, అంతమందీ రావడం మామూలు. నిండు చెరువులో నీరు మత్తడి మీదుగా పోతూనే ఉంటుంది, కాలువలోంచి వస్తూనే ఉంటుంది. మట్టం మారదు. ఆటగాళ్ళు పోవడం అనేది కాలేజి జట్టుకు ఆపద కాదు, అది దాని సహజ స్థితి. ఆపద ఎప్పుడంటే, నాలుగు తరగతుల వరుసలో మధ్య తరగతులు కూడా తెగిపోయినప్పుడు.

ఇటువంటి విషాదం పడమటి వర్జీనియాలోని మార్షల్ విశ్వవిద్యాలయానికి నిజంగా సంభవించింది. 1970 నవంబరు 14న ఆ జట్టు ఒక ఆట ముగించుకుని తిరిగివస్తుండగా విమానం హంటింగ్టన్ దగ్గర కొండను ఢీకొని కూలింది. విమానంలోని 75 మందీ చనిపోయారు, వారిలో 37 మంది ఆటగాళ్ళు. శిక్షకులు కూడా పోయారు. ఆ రోజులలో మొదటి సంవత్సరం విద్యార్థులను పెద్ద జట్టులో ఆడనిచ్చేవారు కాదు. ఆ నియమం వల్లనే వారు విమానం ఎక్కలేదు. వరుసలో చివరి తరగతి మాత్రం ఇట్లా బ్రతికి మిగిలింది. 1971లో వారితోను, గాయాలవల్ల ఇంటివద్ద ఉండిపోయిన కొద్దిమందితోను, వేరే ఆటలనుంచి వచ్చినవారితోను జట్టు కట్టారు. అప్పుడే చేరిన మొదటి ఏటి పిల్లలను ఆడించడానికి జాతీయ కాలేజి క్రీడా సంఘం ప్రత్యేకంగా అనుమతించింది. ఆ పసి జట్టు సెప్టెంబరు 25న జేవియర్ జట్టుపై చివరి క్షణంలో 15–13తో గెలిచింది. ఆ సంవత్సరం ఆడిన పదింటిలో గెలిచినవి రెండు.

చెరువు లెక్క ప్రకారం నాలుగేళ్ళలో మట్టం నిండాలి. కాని మార్షల్‌కు గెలుపులు ఓటములను మించిన సంవత్సరం 1984లో గాని రాలేదు. ఇంత ఆలస్యం ఎందుకు? నాలుగు తరగతులూ సంఖ్యలో తొందరగానే నిండుతాయి. కాని ఓడే జట్టులో చేరడానికి మంచి ఆటగాళ్ళు ఇష్టపడరు. మంచివారు చేరకపోతే జట్టు మళ్ళీ ఓడుతుంది. ఫలితమే తిరిగి కారణమయ్యే ఇటువంటి చక్రాన్ని జీవశాస్త్రంలోను, యంత్రశాస్త్రంలోను కూడా చూస్తాము. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయానికి కూడా ఇదే అనుభవం. ఆటగాళ్ళకు రహస్యంగా డబ్బు ముట్టజెప్పిన నేరానికి 1987లో దాని ఆటలు రద్దయ్యాయి. 1988లో అది తానే ఆడలేదు. తిరిగి వచ్చిన 1989లో 11 ఆటలకు రెండే గెలిచింది. ఏడాది చివర గౌరవ పోటీకి మళ్ళీ పిలుపు వచ్చేసరికి 2009 అయినది. జార్జియా విషయంలో తిరిగినది కూడా ఈ చక్రమే, కాని ఎదురు దిశలో. గెలుపు మంచివారిని రప్పిస్తుంది, వారు వెళ్ళేవారి వెనుక నిలుస్తారు. 2022 తరువాత బెన్నెట్ కూడా పోయాడు, అతనితో కలిపి పదిమంది వృత్తి జట్లకు ఎన్నికయ్యారు. అయినా 2023లో ఆ జట్టు 14 ఆటలలో 13 గెలిచింది.

ఇటీవల ఈ లెక్క కొంత మారుతున్నది. మునుపు ఒక విశ్వవిద్యాలయం విడిచి మరొకదానిలో చేరిన ఆటగాడు సాధారణంగా ఒక సంవత్సరం ఆడకుండా కూర్చోవలసి ఉండేది. 2021లో ఆ అడ్డు ఒకసారికి తొలగింది, 2024లో దాదాపు పూర్తిగా పోయింది. ఇక ఖాళీ ఏర్పడితే క్రింది తరగతి పిల్లవాడు ఎదిగేదాకా ఆగనక్కరలేదు, బయటినుంచి సిద్ధమైన ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. ఇండియానా విశ్వవిద్యాలయం 2023లో 12 ఆటలలో 3 గెలిచింది. కొత్త శిక్షకుడు తన పాత జట్టునుంచి పదిమందికి పైగా ఆటగాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాక 2024లో 13లో 11 గెలిచింది. అయితే తూము రెండు వైపులా తెరుచుకుంటుంది. వెనుక వరుసలో ఓపికగా కూర్చుని నేర్చుకునే రెండవవాడు ఇప్పుడు కూర్చోవడం లేదు, మరొకచోట మొదటివాడు కావడానికి వెళ్ళిపోతున్నాడు. 2014 నాటి ఒహాయో స్టేట్ వలె మూడవ క్వార్టర్‌బాక్‌ను కూడా నిలుపుకోవడం ఏ శిక్షకునికైనా ఇక కష్టమే.

ఫ్లారిడా స్టేట్ కూడా బయటినుంచి తెచ్చుకునే దారినే పట్టింది. 2024 ఏప్రిల్‌లో దాని ఆటగాళ్ళు పదిమంది వృత్తి జట్లకు పోయారు. ట్రావిస్ స్థానంలో అనుభవం గల క్వార్టర్‌బాక్‌ను మరొక విశ్వవిద్యాలయం నుంచి రప్పించారు. ముందటేడు 13 గెలిచి ఒకటి ఓడిన జట్టు ఆ సంవత్సరం 12 ఆటలలో 2 గెలిచింది.